ఆ మైకు మీ చేతిలోంచి ఎందుకు వెళ్లింది?

ప్రశ్న: నా వయసు 34. పెళ్లయి తొమ్మిదేళ్లు. మావారి స్నేహితులు, వాళ్ల భార్యలు, మేము నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. కరావోకే పెడతారు. ఇంట్లో పని చేసుకుంటూ బాగానే పాడుకుంటాను. అక్కడ మైకు పట్టుకోగానే నోరు ఎండిపోతుంది, చెయ్యి వణుకుతుంది. పోయిన నెల చరణంలో గొంతు పగిలి ఆగిపోయాను. మావారు నా చేతిలోంచి మైకు తీసుకుని మిగతా పాట పూర్తిచేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తప్పేం లేదండీ, బాగా పాడతారు, నా పరువు కాపాడాలనే తీసుకున్నారు. పాట కూడా ఆయనే ఎంచి, ఆయన శ్రుతిలోనే పెట్టారు. ఈ నెల మళ్లీ పిలుపొచ్చింది. గుండెదడ తగ్గడానికి మాత్ర ఏదైనా ఉందా? లేకపోతే ఎలా తప్పించుకోవాలి?

జవాబు: మాత్ర సంగతి ముందు తేల్చేద్దాం. గుండెదడ తగ్గించే మందులు డాక్టరు చూసి ఇవ్వాల్సినవి. ఉబ్బసం ఉన్నవాళ్లకు వాటిలో కొన్ని ప్రమాదం కూడా. తెలిసినవాళ్ల మధ్య ఒక పాట పాడటానికి వాటి జోలికి వెళ్లొద్దు. తప్పించుకోవడానికి సాకు నేను చెప్పను. ఈ నెల తలనొప్పి అంటారు, వచ్చే నెల ఏమంటారు?

మీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్న మాట వేరే ఉంది. "ఆయన తప్పేం లేదండీ." ఎవరూ అడగకముందే ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. గొంతు పగిలితే పరువు పోదమ్మా. కరావోకేలో పగలని గొంతు ఎవరిది? నలుగురిలో భార్య చేతిలోంచి మైకు తీసుకోవడమంటే "ఈమెకు రాదు" అని చెప్పినట్టే. ఆ మాట ఆయన నోటితో అనలేదు, చేత్తో అన్నారు. మీరు తలొంచుకుని పక్కకు తప్పుకున్నారు. చప్పట్లు ఆయనకు వచ్చాయి. ఇప్పుడు మైకు పట్టుకుంటే మీ చెయ్యి వణికేది పాటకు కాదు, పక్కనుంచి ఇంకో చెయ్యి వస్తుందేమోనని.

ఆయన చెడ్డవారని అనడం లేదు. పాట బాగా వచ్చినవాళ్లు అపస్వరం వినిపిస్తే ఊరుకోలేరు, చక్కదిద్దబోతారు. కానీ నలుగురిలో భార్య తడబడితే పక్కన నిలబడాలి, ఆమె స్థానంలో కాదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ఇక పాట సంగతి. మీ గొంతు పగలడానికి భయం ఒక్కటే కారణం కాదు, ఆ శ్రుతి. సంగీతం నేర్చినవాళ్లలో (అక్కడ శ్రుతిని అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ శ్రుతి పైకి వెళ్తుంది) మగవాళ్లు సాధారణంగా ఒకటో శ్రుతి చుట్టుపక్కల పాడితే ఆడవాళ్లు అయిదు చుట్టుపక్కల పాడతారు. అంత తేడా ఉన్నచోట ఆయన శ్రుతిలో కింది స్థాయిలో అందుకుంటే పల్లవి గొంతులోకి కూరుకుపోతుంది. పై స్థాయికి ఎత్తుకుంటే చరణంలో పగులుతుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే.

1971లో జపాన్‌లోని కోబెలో ఇనోవే డైసుకే అనే వాద్యకారుడు కరావోకే యంత్రం తయారుచేశాడు. దాని వెనుక ఉన్నది, తన గొంతుకు తగ్గట్టు ఇనోవే వాయిస్తే తప్ప పాడలేని ఒక వ్యాపారి. ఆ వ్యాపారి ప్రయాణానికి తోడు రమ్మంటే, ఇనోవే వెళ్లలేక వాద్యం టేపు మీద రికార్డు చేసి ఇచ్చాడు. అంటే మొదటినుంచీ వాద్యమే పాడేవాళ్లకు సర్దుకుంది. మీరెందుకు సర్దుకోవాలి?

కాబట్టి పాట మీరే ఎంచుకోండి, శ్రుతి మీరే పెట్టుకోండి. యంత్రంలోనైనా ఫోన్ యాప్‌లోనైనా శ్రుతి మార్చే ప్లస్, మైనస్ బటన్లుంటాయి. సాధారణంగా ఒక్కో నొక్కుకు అర స్వరం మారుతుంది. అందరూ చేసే పొరపాటు పల్లవి పాడి చూసి శ్రుతి ఖాయం చేసుకోవడం. పల్లవి దాదాపు ఎప్పుడూ సుఖంగానే ఉంటుంది. చరణంలో అన్నిటికంటే పైకి వెళ్లే లైను పట్టుకోండి. అది వరసగా మూడుసార్లు మెడ నరాలు బిగుసుకోకుండా వస్తే అదే మీ శ్రుతి. తర్వాత అన్నిటికంటే కిందికి దిగే లైను కూడా వినిపిస్తోందో లేదో చూడండి. ఆ అంకె, మైనస్ మూడో ప్లస్ నాలుగో, కాగితం మీద రాసి దగ్గరుంచుకోండి. మీకంటే ముందు ఎవరు పాడినా వాళ్ల శ్రుతి యంత్రంలో అలాగే ఉండిపోయే అవకాశముంది. మీ పాట మొదలయ్యే ముందు ఆ అంకె మీ వేలితోనే పెట్టండి.

పది రోజులుంటే చాలు, ఒక్క పాట తీసుకోండి. అసలు గాయకుల గొంతుతో కాదు, ఉత్త వాద్యంతోనే సాధన చెయ్యండి. ఇంట్లో బాగా పాడి అక్కడ తడబడటానికి ఇది పెద్ద కారణం: ఇంట్లో అసలు పాట మనల్ని మోస్తుంది, అక్కడ మోసేవాళ్లుండరు. పల్లవి ఎత్తుకోవడానికి ముందు, చరణాల మధ్య వచ్చే వాద్యంలో ఎన్ని తాళాలున్నాయో లెక్కపెట్టుకోండి. కూర్చుని కాదు, నిలబడి పాడండి. ఫోన్‌లో రికార్డు చేస్తే మీ గొంతు మీకే పలచగా, పరాయిగా వినిపిస్తుంది. కంగారుపడకండి. మన గొంతు మనకు ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, ఆ గంభీరం రికార్డులో ఉండదు. ఎదుటివాళ్లకు మీరెప్పుడూ అలాగే వినిపిస్తున్నారు.

ఆ రోజు పాడటానికి పావుగంట ముందు పక్కగదిలో పెదవులు మూసి అయిదు నిమిషాలు కూనిరాగం తియ్యండి. తర్వాత నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఎనిమిది లెక్కపెడుతూ వదలండి. ఒక అయిదు నిమిషాలు. భయంలో ఊపిరి ఛాతీ పైకి ఎక్కి పొట్టిదైపోతుంది, అందుకే లైను మధ్యలో గాలి అయిపోతుంది. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. చివరిదాకా కూర్చోకండి, రెండోదో మూడోదో మీ పాట పెట్టించుకోండి. ఎదురుచూసే కొద్దీ భయం పెరుగుతుంది.

మైకు పెదవులకు రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. భయస్థులు దాన్ని గుండెల దగ్గర పట్టుకుంటారు. గొంతు వినపడదు, అరుస్తారు, అరిస్తే పగులుతుంది. మైకు జాలీని గుప్పిటతో మూస్తే, స్పీకరు వైపు తిప్పితే కీచుమంటుంది. ఎకో తగ్గించమనండి, ఎక్కువైతే మీ స్వరం ఎక్కడుందో మీకే తెలియదు. బ్లూటూత్ స్పీకరైతే వైరు పెట్టమని అడగండి. మీ గొంతు ఒక పిసరు ఆలస్యంగా వినిపించినా తాళం తప్పుతుంది, అది మీ లోపం అనుకుంటారు.

వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఇంట్లో ఉంది. ఆ రోజు బయల్దేరేటప్పుడు హడావిడిలో కాదు, రెండు మూడు రోజుల ముందు, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. "ఏమండీ, ఈసారి పాట నేనే ఎంచుకున్నాను. తప్పులొచ్చినా చివరిదాకా నేనే పాడతాను. మధ్యలో మైకు తీసుకోకండి. పోయినసారి నాకు చాలా చిన్నతనంగా అనిపించింది." ఇంతే. క్షమాపణ అడగొద్దు, తొమ్మిదేళ్ల లెక్కలు తియ్యొద్దు. "నీ కోసమే కదా చేశాను" అంటారు. "తెలుసు, అయినా తీసుకోకండి" అనండి. ఆయన సాయం చేయాలనుకుంటే ఒక పని అప్పగించండి: మీ ఎదురుగా కూర్చుని తాళం వెయ్యమనండి.

మాటిచ్చి కూడా అలవాటుకొద్దీ చెయ్యి చాచవచ్చు. అప్పుడు మైకును రెండు చేతులతో పట్టుకుని ఒక్క అడుగు పక్కకు జరగండి. పోయిన లైనును వెతుక్కోకండి. తెర మీద తర్వాతి లైను రంగు మారడం మొదలవ్వగానే అక్కణ్నుంచి అందుకోండి.