మారుతి 800 ఇంజన్ గేరు బాక్స్‌తో సహా దించాలా, విడిగానా?

గేరు బాక్స్‌తో కలిపే దించండి. మీ 1997 కార్బురేటర్ బండి పొగ వేస్తోందని, బోరింగ్ (అరిగిన సిలిండర్లను లేత్‌లో చెక్కించడం) చేయించాలనుకుంటున్నారని, పైగా బెల్ హౌసింగ్ (ఇంజన్‌కీ గేరు బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే గుల్ల) కింద నుంచి ఆయిల్ కారి క్లచ్ జారుతోందని రాశారు కాబట్టి ఈ మాట చెప్తున్నాను. ఒట్టి క్లచ్, వెనక ఆయిల్ సీల్ మాత్రమే అయితే ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీ ఆనించి, గేరు బాక్స్ ఒక్కటీ కింద నుంచి దించితే సరిపోయేది.

మాదీ ఇదే బండి, 796 సీసీ మూడు సిలిండర్ల ఎఫ్8బి ఇంజన్. నేనూ మా బావమరిదీ కలిసి ఇంట్లోనే దించి మళ్లీ ఎక్కించాం. విడిగా దించితే తేలిక అని చాలామంది అంటారు, దించేటప్పుడు నిజంగానే తేలిక. ఎక్కించేటప్పుడు మాత్రం గాల్లో వేలాడే ఇంజన్‌ని ఆ ఇరుకులో గేరు బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ ప్లేట్‌లోకి దూరే పళ్ల కడ్డీ) మీదికి సూటిగా తేవాలి, చెయ్యి పెట్టే చోటు ఉండదు, కంటికీ కనపడదు. అదే రెండింటినీ నేల మీద జత చేసుకుంటే నాలుగు వైపులా చూస్తూ పని చెయ్యొచ్చు.

బరువు ఎత్తే గొలుసు కప్పీ (చెయిన్ బ్లాక్), ముక్కాలి స్టాండు అద్దెకు తెచ్చుకోండి. దయచేసి పోర్టికో శ్లాబు హుక్కుకి తగిలించకండి, అది ఫ్యాను కోసం వేసిన హుక్కు. ముందు బ్యాటరీ తీసేసి, కూలెంట్, ఇంజన్ ఆయిల్, గేరు ఆయిల్ మూడూ వంపేయండి. గేరు ఆయిల్ వంపకుండా డ్రైవ్ షాఫ్టులు లాగితే నేలంతా అదే. బానెట్ విప్పే ముందు కీళ్ల చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తంటా ఉండదు. రేడియేటర్, సైలెన్సర్ పైపు, పెట్రోల్ గొట్టాలు, క్లచ్, యాక్సిలరేటర్, చోక్, స్పీడోమీటర్ కేబుళ్లు, కింద గేరు రాడ్లు, ఇవన్నీ విప్పుతున్నకొద్దీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ముఖ్యంగా కార్బురేటర్ వాక్యూమ్ గొట్టాలు, అవన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఏసీ ఉంటే గ్యాస్ పైపులు విప్పకుండా కంప్రెసర్‌ని మాత్రం ఊడదీసి తాడుతో పక్కకి కట్టేయండి. డ్రైవ్ షాఫ్ట్‌ని చేత్తో పట్టి గుంజితే జాయింట్ లోపల విడిపోతుంది, గేరు బాక్స్ దగ్గర రాడ్ పెట్టి ఎత్తితే దాన్ని పట్టి ఉంచే రింగు (సర్క్‌లిప్) వదిలి బయటికొస్తుంది.

ఇక అసలు పని క్లచ్ దగ్గర ఉంది. ఆయిల్ తాగిన క్లచ్ ప్లేట్‌ని పెట్రోల్‌తో కడిగి మళ్లీ వెయ్యమంటారు కొందరు, వద్దు, కొత్తది వెయ్యండి. గేరు బాక్స్ విడిపోయాక క్రాంక్ వెనక సీల్, ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ రెండూ మార్చండి, ఆయిల్ దేన్నుంచి వచ్చిందో తేలినా సరే. సీల్ ధరకి, మళ్లీ ఇదంతా విప్పే శ్రమకి పోలికే లేదు. ఫ్లైవీల్ నడుమ ఉండే చిన్న బేరింగ్, క్లచ్ రిలీజ్ బేరింగ్ వేలితో తిప్పి చూడండి, గరగరమంటే అవీ మార్చాల్సిందే.

ప్లేట్ సెంటర్ చెయ్యడానికి స్క్రాప్ షాపులో పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకటి అడిగి తెచ్చుకోండి. దాన్ని ప్లేట్ గుండా ఫ్లైవీల్ బేరింగ్ దాకా దూర్చి ఉంచి, ప్రెజర్ ప్లేట్ బోల్టుల్ని ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. తర్వాత గేరు బాక్స్‌ని ఇంజన్‌కి తెస్తే ఒక అంగుళం దూరంలో ఆగిపోతుంది, దాదాపు ప్రతిసారీ అక్కడే ఆగుతుంది. టెన్షన్ పడకండి. అప్పుడు బోల్టులు వేసి బిగించి లాగుదామనిపిస్తుంది, ఆ పని అస్సలు చెయ్యొద్దు, బెల్ హౌసింగ్ అల్యూమినియం, చెవి విరిగితే పాత గేరు బాక్స్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. గేరులో వేసి, ఒకరు గేరు బాక్స్‌ని ఇంజన్‌తో సమానమైన ఎత్తులో పట్టుకుంటే, ఇంకొకరు క్రాంక్ పుల్లీ బోల్టుకి పానా పెట్టి నెమ్మదిగా తిప్పాలి. షాఫ్ట్ పళ్లు, ప్లేట్ పళ్లు కలిసిన క్షణంలో గేరు బాక్స్ అదే జారి డోవెల్ పిన్నుల (రెంటినీ సూటిగా కూర్చోబెట్టే పిన్నులు) మీద ఠక్కున కూర్చుంటుంది. అంతవరకూ గేరు బాక్స్ బరువు షాఫ్ట్ మీద వేలాడనివ్వకండి, కొత్త ప్లేట్ వంగిపోతుంది.

ఎక్కించాక ఫౌండేషన్ బోల్టులన్నీ (ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచేవి) వదులుగానే పెట్టి, ఇంజన్ తన చోట సర్దుకున్నాకే బిగించండి. బాడీకి, గేరు బాక్స్‌కి మధ్య ఉండే ఎర్త్ వైరు తప్పకుండా వెయ్యండి. అది లేకపోతే స్టార్టర్ కరెంటు క్లచ్ కేబుల్ గుండానో, యాక్సిలరేటర్ కేబుల్ గుండానో వెళ్లి వాటిని కాల్చేస్తుంది, సెల్ఫ్ మాత్రం బలహీనంగా తిరుగుతుంది, జనం బ్యాటరీని అనుమానిస్తూ కూర్చుంటారు.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు వంపేసిన ఇంజన్ ఆయిల్, గేరు ఆయిల్, కూలెంట్ మూడూ మళ్లీ పోశారో లేదో చూసుకుని, కాయిల్ వైరు తీసేసి ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి.

లేత్ వాళ్లు బ్లాక్ పనికిరాదంటే, సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేసే ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఆర్‌సీలో ఇంజన్ నంబర్ మార్పించుకోవాలి కాబట్టి కొన్న బిల్లు లేని ఇంజన్ ముట్టుకోవద్దు. మీ ఊరేదో రాయలేదు, విజయవాడ చుట్టుపక్కలైతే చెయిన్ బ్లాక్, షాఫ్ట్ ముక్క, సీళ్లు అన్నీ ఆటోనగర్‌లోనే దొరుకుతాయి.