ఆకు మీది గీత ఈగదా, చిమ్మటదా?

ప్రశ్న: మా పెరటిలోని టమాటా, నిమ్మ ఆకుల మీద, పక్కనున్న అడవి పొదల ఆకుల మీద తెల్లని వంకర గీతలు కనిపిస్తున్నాయి. ఇవన్నీ ఒకే ఈగ పనేనా? గీత ఆకారాన్ని బట్టి పురుగు పేరు తెలుసుకోవచ్చా?

జవాబు: ఒకే ఈగ పని కాదు, నిమ్మ ఆకును తొలిచేది అసలు ఈగే కాదు, ఒక చిన్న చిమ్మట (ఇంగ్లీషులో మాత్ అనే రెక్కల పురుగు) పిల్ల. గీత వంపులను మాత్రమే చూసి పేరు చెప్పబోతే తరచుగా పొరపాటు పడతాం.

ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, ఆ గీతలో, అంటే పురుగు ఆకు లోపల తింటూ చేసిన సొరంగంలో, అది వదిలిన నల్లని విసర్జన ఎలా పడిందో చూడండి. నిమ్మ ఆకులో అది నడిమధ్యన ఒకే గీతగా సాగుతుంది. టమాటాను ఆశించే లిరియోమైజా ట్రైఫోలీ వంటి ఈగల పిల్లలు ఒక పక్కకు ఒరిగి తింటూ మధ్యమధ్యలో రెండో పక్కకు తిరుగుతాయి కాబట్టి, విసర్జన ఒకసారి ఈ అంచున, మరోసారి ఆ అంచున పడుతుంది. కాళ్లు లేవు కనుక ఈగ పిల్లే అనుకోవడానికి లేదు, ఎందుకంటే నిమ్మ పురుగుకూ కాళ్లుండవు. భూతద్దంతో తల చూడాలి: ఈగ పిల్లకు గట్టి తల ఉండదు, మొనదేరిన ముందు భాగంలో నల్లని కొక్కేలు మాత్రమే కదులుతుంటాయి.

ఇక పేరు విషయానికి వస్తే, మొక్కను సరిగ్గా గుర్తించడమే సగం పని. ఫైటోమైజా ఇలిసిస్ అనే ఈగ హోలీ (Holly) అనే చెట్టు ఆకుల్లోనే పెరిగి, అక్కడే ప్యూపాగా (రెక్కల ఈగ కావడానికి ముందు కదలకుండా ఉండే దశగా) మారుతుంది. లిరియోమైజా ట్రైఫోలీ మాత్రం 25కు పైగా కుటుంబాల మొక్కలను ఆశించి, ఆకును చీల్చుకుని బయటపడి ఎక్కువగా మట్టిలో ప్యూపా అవుతుంది. కాబట్టి మీ అడవి పొద పేరు తెలియనిదే అందులోని పురుగు గురించి ఏదీ ఖాయంగా చెప్పలేను.

పురుగు ఇంకా లోపలే ఉన్న ఆకును కొద్దిగా తడిపిన కాగితంతో సహా సీసాలో ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టండి. కొన్ని వారాల్లో ఈగ రావచ్చు, లేదా ఆ పురుగును తిని పెరిగిన బుల్లి కందిరీగ రావచ్చు. రెండోది వస్తే నిరాశపడకండి, మీ తోటకు అదే మేలు. ఈగ వచ్చినా, దగ్గరి జాతులను విడదీయడానికి నిపుణులు మగ ఈగ జననాంగాలను సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు. అందువల్ల ఈగతో పాటు ఎండబెట్టిన ఆకును, ఖాళీ ప్యూపాను కూడా భద్రపరచండి.