పెప్పర్ స్ప్రే ఇస్తాం, ధైర్యంగా పంపండి అంటున్నారు... పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 21 ఏళ్లు. ఇంటర్‌తో చదువు ఆపేసింది. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు హాస్పిటల్‌లో లేడీ సెక్యూరిటీ గార్డుగా చేరమని ఏజెన్సీ వాళ్లు పిలుస్తున్నారు. నైట్ డ్యూటీలు కూడా ఉంటాయట. పెప్పర్ స్ప్రే, షాక్ కొట్టే టార్చ్ ఇస్తామని, వాటి శిక్షణకు విడిగా ఫీజు కట్టాలని చెబుతున్నారు. అవి చేతిలో ఉంటే ధైర్యంగా పంపొచ్చా? ఈ లైన్లో ఎదుగుదల ఉంటుందా?
– ఓ తండ్రి, సిద్దిపేట

జవాబు: ఉద్యోగానికి పంపొచ్చండీ. స్ప్రే ఉంది కదా అన్న ధైర్యంతో మాత్రం పంపకండి. వాళ్లు ఇస్తామంటున్న రెండు వస్తువులూ హాస్పిటల్ లోపల వాడదగ్గవి కావు. ఎందుకో వివరంగా చెప్తాను.

పేరులో పెప్పర్ ఉన్నా ఆ డబ్బాలో ఉండేది మిరియాల ఘాటు కాదు, ఎండుమిర్చి నుంచి తీసిన ఘాటైన నూనె సారం, ఓలియోరెసిన్. మన గుంటూరు తేజ రకం కాయలకు గిరాకీ రావడానికి ఈ ఓలియోరెసిన్ కూడా ఒక కారణం. ముఖం మీద పడితే కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, దగ్గు తెరలు తెరలుగా వస్తుంది, ఊపిరి ఆడనట్టు అవుతుంది. మంట తగ్గడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కోలుకుంటారు. ఆస్తమా ఉన్నవాళ్లకు అదే ప్రమాదం కావచ్చు.

2014 ఫిబ్రవరి 13న, ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు రోజు, లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంత ఎత్తు కప్పున్న పెద్ద హాలు. అయినా సభ వాయిదా వేయాల్సి వచ్చింది, కొందరు సభ్యులను ఆసుపత్రికి తరలించారు. అదే పని ఐసీయూ బయట, తలుపులు మూసి ఉండే ఏసీ వరండాలో జరిగితే? కొట్టిన గార్డు, పక్కనున్న నర్సు, స్ట్రెచర్ మీద ఆయాసంతో ఉన్న పేషెంటు, అందరూ ఆ గాలే పీలుస్తారు. ఏసీ దాన్ని పక్క గదులకూ మోసుకెళ్తుంది. గొడవ చేసినవాడి కంటే పేషెంటుకే ఎక్కువ నష్టం.

షాక్ టార్చ్ సంగతి ఇంకా తీసికట్టు. పోలీసు టేజర్ వేరు, ఇది వేరు. టేజర్ తీగలున్న రెండు సూదులను కొన్ని మీటర్ల దూరం నుంచే వదులుతుంది, ఒంట్లో కండరాలు కొద్ది సెకన్లు బిగుసుకుపోతాయి. ఈ టార్చ్‌ని మాత్రం మనిషికి ఆనించి, ఆనించినంతసేపూ పట్టుకోవాలి. అంటే తనకంటే బలమైన మనిషి చేతికి అందేంత దగ్గరికి మీ అమ్మాయే వెళ్లాలి. జీన్స్, స్వెటర్ మీంచి సరిగా తగలదు. తాగి ఉన్నవాడు చెయ్యి విదిలించి దాన్నే లాక్కోవచ్చు. డబ్బా మీద రాసే లక్షల వోల్టుల అంకె చూసి మోసపోకండి, షాక్ బలం ఆ ఒక్క అంకెతో తేలేది కాదు. పైగా అది నిప్పురవ్వ పుట్టించే వస్తువు. వార్డులో ఆక్సిజన్ పైపులుంటాయి, స్పిరిట్, శానిటైజర్ ఉంటాయి, కొన్ని రకాల పెప్పర్ స్ప్రేలలోనూ మండే ద్రవం కలుస్తుంది. షాక్ టార్చ్ వద్దని ఏజెన్సీకి ముందే చెప్పేయండి.

స్ప్రే పనికొచ్చేది ఆరుబయట: పార్కింగ్, వెనక గేటు, డ్యూటీ దిగి బస్టాపుకు నడిచే దారి. అక్కడ కూడా వాడే పద్ధతి తెలియకపోతే తనకే తగులుతుంది. మంచులా విరజిమ్మే రకం కాకుండా సన్నటి ధారగా కొట్టే రకం తీసుకోవాలి, గాలికి ఎదురొచ్చేది తక్కువ. డబ్బాని నాలుగు వేళ్లతో గుప్పిట పట్టి, సేఫ్టీ మూత తిప్పి, బొటనవేలితో నొక్కాలి. రెండు మూడు మీటర్ల దూరం నుంచి కళ్లకు గురిపెట్టి ఒక్క సెకను, వెంటనే పక్కకు రెండడుగులు. కళ్లు మూసుకుపోయినా ఎదుటివాడు ముందుకు దూకుతాడు, అందుకే ఉన్నచోట నిలబడకూడదు. పని చేయని సందర్భాలూ ఉన్నాయి. కళ్లద్దాలు, హెల్మెట్ అడ్డొస్తాయి, మత్తులో ఉన్న కొందరు పట్టించుకోరు. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది. గడువు దాటితే లోపల ఒత్తిడి తగ్గి ధార అడుగు దూరంలోనే పడిపోతుంది. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో వదిలేస్తే డబ్బా కారిపోవచ్చు, పగలనూవచ్చు. పొరపాటున తనకే పడితే గాలి తగిలే చోటికి వచ్చి, లెన్సులుంటే తీసేసి, చల్లటి నీళ్లు ధారగా పోస్తూ కళ్లు ఆర్పుతుండాలి. రుద్దకూడదు, నూనె, క్రీము రాయకూడదు.

చట్టం సంగతి కూడా అమ్మాయికి తెలియాలి. ప్రైవేటు గార్డుకు పోలీసు అధికారాలు లేవు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు ఇస్తాయి, అదీ ప్రమాదం ఉన్నంతసేపే, ప్రమాదానికి తగినంతే. పారిపోతున్నవాడి వెనక నుంచి స్ప్రే కొడితే కేసు గార్డు మీదికే వస్తుంది. 2024లో కర్ణాటక హైకోర్టు ఒక కేసులో పెప్పర్ స్ప్రేని ప్రమాదకర ఆయుధంగానే చూసింది. డాక్టర్లు, నర్సుల మీద దాడి చేయడం, వైద్య సిబ్బంది రక్షణకు వచ్చిన 2008 రాష్ట్ర చట్టం ప్రకారం నాన్‌బెయిలబుల్ నేరం. కళ్లముందే దాడి చేసినవాణ్ణి గార్డు ఆపి ఉంచవచ్చు, ఆలస్యం చేయకుండా, ఆరు గంటల లోపే పోలీసులకు అప్పగించాలి.

మరి వార్డులో ఆమెను కాపాడేదేంటి? దూరం, మాట, రెండో గార్డు. ఐసీయూ తలుపు దగ్గర బంధువు అరుస్తున్నాడనుకోండి. చెయ్యి చాచినా అందనంత దూరంలో, కాస్త పక్కకు తిరిగి నిలబడాలి. అరచేతులు కనిపించేలా ఛాతీ ఎత్తులో ఉండాలి. వేలు చూపించకూడదు, తను బయటపడే దారికి వీపు పెట్టుకోవాలి. ‘‘అన్నా, డాక్టరు గారిని పిలిపిస్తాను, మీలో ఒక్కరు నాతో రండి’’ అంటే గుంపులోంచి ఒక మనిషి విడిపోతాడు. అదే సమయంలో వాకీటాకీలో ముందు చోటు చెప్పాలి, తర్వాతే సంగతి: ‘‘మూడో అంతస్తు ఐసీయూ, ఐదుగురు, ఇద్దరు రండి.’’ చాలా గొడవలు ఇక్కడే చల్లారతాయి. లాఠీ పార్కింగ్‌కే పరిమితం. తప్పనిసరైతే తొడ, పిక్క మీదే, తల, మెడ, వెన్నెముక జోలికి పోకూడదు.

ఫీజు విషయం. స్ప్రే వాడకం గంటన్నరలో, నీళ్లు నింపిన డబ్బాతో నేర్పే పని. దానికి విడిగా డబ్బు కట్టకండి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005 కింద వచ్చిన కేంద్ర నమూనా నియమాల ప్రకారం గార్డుకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డు శిక్షణ, కనీసం 20 పనిదినాలు ఉండాలి. అగ్నిమాపకం, ప్రథమ చికిత్స, గుంపు నియంత్రణ అందులోనివే. అది ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తారా అని అడగండి. లైసెన్సు ఆఫీసులో కనిపించేలా పెట్టడం, గార్డుకు ఫొటో గుర్తింపు కార్డు ఇవ్వడం కూడా వాళ్ల బాధ్యతే. అదే నియమాల్లో మహిళలకు కనీస ఎత్తు 150 సెం.మీ. అని ఉంది. కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరిగెత్తాలి.

ఎదుగుదల ఉంది. ఒక సూపర్‌వైజర్ కింద 15 మందికి మించి గార్డులు ఉండకూడదన్న నియమం వల్ల ఆ పోస్టులు వస్తుంటాయి. కానీ చట్టమే మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు ప్రాధాన్యం ఇమ్మంటుంది. వాళ్లతో పోటీలో మీ అమ్మాయి నిలబడేది రిపోర్టు రాసే నేర్పుతో: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, తనేం చేసింది, సాక్షులెవరు, ఏ కెమెరాలో పడింది. అరపేజీ రిపోర్టు అదే రోజు రాసి, ఫుటేజీ చెరిగిపోకముందే పక్కన పెట్టించే గార్డు మేనేజరు కంట్లో పడుతుంది. సీసీ కెమెరా కంట్రోల్ రూమ్ పని, కంప్యూటర్ కూడా నేర్పించండి. సర్కారు కొలువు ఆలోచన ఉంటే సీఐఎస్ఎఫ్‌ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) లోకి తీసుకునే, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) పెట్టే జీడీ కానిస్టేబుల్ పరీక్షకు పదో తరగతి చాలు. సాధారణ వయోపరిమితి 23 కాబట్టి ఆమెకు రెండేళ్లే ఉన్నాయి. మహిళలకు సాధారణంగా 157 సెం.మీ. ఎత్తు అడుగుతారు, ఈ కొలత ముందు చూసుకోండి.

చేరేముందు మీరే ఒకసారి రాత్రి పదింటికి ఆ హాస్పిటల్‌కు వెళ్లి చూడండి. ఆమె పోస్టు దగ్గర ఇంకెవరుంటారు, వాకీటాకీ ఇస్తారా, డ్యూటీ దిగాక బండి పెడతారా, గొడవ జరిగితే 112కి ఎవరు ఫోన్ చేయాలి అని సూపర్‌వైజర్‌ని అడగండి. రాత్రి ఒంటరి పోస్టు అని చెబితే, స్ప్రేలు ఎన్ని ఇచ్చినా అక్కడ వద్దనే చెప్పండి.