మూడెకరాల చల్కకు ఎన్ని బస్తాలు?

చిరంజీవి నాయనకు పెద్దనాయన ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేదు. పక్కన మేకలు అరుస్తున్నాయి, పైగా అది ఫోనులో ముగిసే మాట కాదు. "మూడెకరాలకు యూరియా ఎన్ని బస్తాలు తేవాలి?" అన్నావు. దుకాణంలో అడిగితే ఒక్క ముక్కలో చెప్పి బిల్లు రాసేస్తారు. నేను మాత్రం నిన్ను ఎదురు ప్రశ్న వేస్తాను. నిరుడు ఆగస్టులో పెద్ద వాన పడ్డ రోజు మీ చేనులో నీళ్లు ఎటు పోయాయి?

నేను చూశాను. ఈశాన్యం మూల తెగిన ఒడ్డులోంచి ఎర్రటి బురదై వాగులోకి పోయాయి. ఆ ఎరుపంతా మన పైమట్టి. అంతకు నాలుగు రోజుల ముందు మీ నాన్న చల్లిన యూరియా కూడా అందులోనే పోయింది. కింది చేనువాళ్ల గెట్టు పక్క నాలుగు సాళ్ల జొన్న ఆ ఏడు మనిషెత్తు దాటి పెరిగింది. డబ్బు మనది, కంకి వాళ్లది.

మన పాలమూరు (మహబూబ్‌నగర్) వైపు ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జొన్నకు, సజ్జకు, కొర్రకు అది తక్కువేమీ కాదు. చిక్కంతా అది పడే తీరులోనే ఉంది. రెండు మూడు వానల్లో సగం కురిసి, మధ్యలో ఇరవై రోజులు ఆకాశం తెల్లగా నిలబడుతుంది. లెక్క చెబుతాను, గుర్తుంచుకో. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే నలభై వేల లీటర్ల నీళ్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. దాన్ని వాగుకు వదిలేసి, బెట్ట వచ్చినప్పుడు బోరు వేయిద్దామా అని తల పట్టుకుంటాం.

అందుకే బస్తా కంటే ముందు వాలు చూడాలి. మీ నాన్న ఎప్పుడూ ఎద్దులకు సులువని పై నుంచి కిందికి దున్నేవాడు. నువ్వు వాలుకు అడ్డంగా దున్నించు, అడ్డంగానే విత్తించు. ట్రాక్టరు అతను మలుపులు ఎక్కువని గొణుగుతాడు. గొణగనీ, మరో వంద ఎక్కువైనా ఇవ్వు. అప్పుడు ప్రతి సాలూ ఒక చిన్న కట్టలా నీటిని ఆపుతుంది. పైరు నెల వయసుకు వచ్చాక కొన్ని వరుసలకు ఒకటి చొప్పున నాగలితో గొడ్డు సాలు, అంటే విత్తనం లేని ఖాళీ సాలు, తీయించు. వాన పడితే అందులో నీళ్లు నిలిచి ఇంకుతాయి, మరీ ఎక్కువైతే మెల్లగా పక్కకు జారతాయి. వయసులో ఉన్నప్పుడు నేను పదేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగి కాలువలు తవ్వినవాణ్ణి. మట్టి పనిలో పాలమూరు కూలీలకు పేరుండేది. నీళ్లను ఎదురుగా నిలబడి ఆపలేమని, నడక మాత్రం తగ్గించగలమని ఆ పనిలోనే తెలుసుకున్నాను.

కుంట తవ్వించాలని నీకు ఆశగా ఉందని మీ అమ్మ చెప్పింది. మంచిదే, కానీ లెక్క చూసుకో. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు అనుకుందాం. గోడలు ఏటవాలుగా ఉండాలి కాబట్టి పట్టేది లక్షా నలభై అయిదు వేల లీటర్లే. రెండు సెంటీమీటర్ల తడి ఒక ఎకరానికి ఇస్తే ఎనభై వేలు పోతాయి. మన ఎర్ర నేలలో, మూర లోతు దాటితే మొరమే కాబట్టి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరవకపోతే సగం ఇంకిపోతుంది. కుంట మూడెకరాలను కాపాడదు. పొట్ట దశలోనో పూతలోనో ఒక ఎకరం కంది, జొన్నలకు ప్రాణం పోసే ఒక తడి ఇస్తుంది. అంతవరకే ఆశించి తవ్వించు.

ఇక విత్తడం. మిరుగు (మృగశిర కార్తె) మొదటి వానకే ఊరంతా విత్తే గొర్రు కడుతుంది. చూసి ఆగలేవు, అయినా ఆగు. మన చల్కలో, అంటే ఈ ఎర్ర ఇసుక నేలలో, 50 నుంచి 60 మిల్లీమీటర్ల వాన పడి, పదును (మట్టిలో తడి) లోపలికి దిగాకే విత్తు. ఒక చినుకుకు మొలిచి, పది రోజుల ఎండకు మాడి, మళ్లీ విత్తనం కొనే పని నాకు రెండుసార్లు జరిగింది. వాన కొలవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. నిలువు గోడలున్న డబ్బా ఒకటి చేను నడుమ, చెట్టు నీడ తగలని చోట పెట్టు. పొద్దున్నే స్కేలు ముంచి చూసి, నోటుబుక్కులో రాయి.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తున్నాను. వర్షాధార సజ్జకు ఎకరానికి 24 కిలోల నత్రజని, 12 కిలోల భాస్వరం, 8 కిలోల పొటాష్ అని చెబుతారు. జొన్నకు నత్రజని ఇంకొంచెం ఎక్కువ, కొర్రకు తక్కువ. యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం. అంటే బస్తాకు ఇరవై కిలోల పైచిలుకు. భాస్వరం కోసం వేసే డీఏపీ ఎరువు అర బస్తాలో నాలుగున్నర కిలోల నత్రజని, పదకొండున్నర కిలోల భాస్వరం ఉంటాయి. కాబట్టి సజ్జ ఎకరానికి ఒక యూరియా బస్తా, అర బస్తా డీఏపీ, కాస్త పొటాష్ చాలు. నీ మూడెకరాలకు మూడు యూరియా బస్తాలు. నువ్వు ఆరు అనుకుంటున్నావని నాకు తెలుసు.

ఆ మూడూ ఒకసారి వేసేవి కావు. భాస్వరం మట్టిలో కదలదు. విత్తేటప్పుడే గింజకు కిందుగా, పక్కగా పడాలి. తరువాత పైన చల్లితే పైనే ఉండిపోతుంది. యూరియా అలా కాదు, నీటితో పాటు నడుస్తుంది. మట్టి కప్పకుండా పైన వదిలేస్తే గాలిలో కలుస్తుంది, జడివానకు కొట్టుకుపోతుంది. అందుకని సగం విత్తేటప్పుడు, మిగతా సగం పైరు మోకాలెత్తుకు వచ్చాక, కలుపు తీసి, పదును ఉన్నప్పుడు వెయ్యి. మొక్క మొదళ్లకు నాలుగు వేళ్ల దూరంలో పోసి, వెంటనే దంతె తోలి మట్టి కప్పించు. ఆ రోజుకు పదును లేకపోతే బస్తా ఇంట్లోనే ఉంచు. వారం ఆలస్యమైనా పర్వాలేదు. వాన రాకనే పోతే ఆ అర బస్తా డబ్బు నీకు మిగిలినట్టే. వానను చూసి విడతగా పెట్టే ఖర్చు ఇది ఒక్కటే. విత్తనానికి, దుక్కికి ఆ అవకాశం లేదు.

నేను ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఒక ఏడు, బస్తాలు దొరకవన్న పుకారు విని, ఉన్నదంతా విత్తనంతోనే వేశాను. అదీ తొందరలో గింజను, యూరియాను గొర్రుకు ఉండే ఒకే జడ్డిగంలో కలిపి పోయించాను. ఉప్పు ఘాటుకు కొన్ని సాళ్లు మొలవనే లేదు. మొలిచినవి నల్లగా, ఏపుగా పెరిగి ఊరందరికీ కన్నుకుట్టాయి. పెద్ద ఆకు ఎక్కువ నీళ్లు తాగుతుంది కదా, పుష్యమి కార్తెలో బెట్ట రాగానే అవే ముందు వాడిపోయాయి. పక్కన మీ తాత పెంట (పశువుల ఎరువు) తోలిన మడిలో పొట్టి జొన్న నిలబడింది.

ఆ పెంట సంగతి వేరే చెప్పాలా? వేసవిలో గొర్రెల మంద రెండు మూడు రాత్రులు చేనులో పెట్టించు. కాపరులకు గింజలో, డబ్బో ఇవ్వాల్సి వస్తుంది, ఇవ్వు. చెరువు పూడిక మట్టి దొరికితే వదలకు. చల్క నేల పదును పట్టుకునేది దానితోనే. డీఏపీ బదులు ఒక ఏడాది సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసి చూడు, అందులో గంధకం కూడా ఉంటుంది. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు నల్లగొండ, మహబూబ్‌నగర్ చేలలో మట్టి పరీక్షించినప్పుడు గంధకం, జింకు, బోరాన్ కొరత విస్తారంగా కనిపించింది. కాబట్టి ఊహతో కొనకు. పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అర కిలో పరీక్షకు ఇవ్వు. విత్తనం సంగతి అడగాలంటే పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం మనకు దగ్గరే. ప్రతి రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది మాత్రం మానకు. జొన్న పోయిన ఏడు కంది ఇంటిని నిలిపింది. నేలలో నత్రజని కూడా కొంత వదిలిపోతుంది.

బెట్ట తరువాత వాన పడితే, లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చెయ్యి. పైరు త్వరగా తేరుకుంటుంది. ఒక హెచ్చరిక కూడా. బెట్టకు వాడిన లేత జొన్నలో విషం చేరుతుంది, యూరియా ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. మీ బర్రెను ఆ చేను వైపు పోనివ్వకు.

రోహిణి కార్తె అయిపోయేలోపు వస్తానన్నావు. వచ్చేటప్పుడు హైదరాబాదు నుంచి నీళ్లు కనిపించే సన్న ప్లాస్టిక్ గొట్టం పదిహేను మీటర్లు తీసుకురా. రెండు కర్రలు నా దగ్గర ఉన్నాయి. ఈశాన్యం ఒడ్డు కట్టే ముందు గొట్టంలో నీళ్లు పోసి మట్టం చూసుకోవాలి.

మీ పెద్దనాయన