చేతిలో ఆఫర్, ఇంట్లో ఎమ్మెస్, మనసులో గేట్: ఇంటర్ నుంచి ఉన్న స్నేహితుల సంగతేంటి?

మీ ప్రశ్న ఇది: బీటెక్ చివరి సెమిస్టర్‌లో ఉన్నారు. ఏడాదికి 3.36 లక్షల ఐటీ సర్వీస్ కంపెనీ ఆఫర్ ఉంది. ఇంట్లో అమెరికాలో ఎమ్మెస్‌కి పొమ్మంటున్నారు, మీకేమో ఎంటెక్ సీటు కోసం గేట్ పరీక్ష రాయాలని ఉంది. ఇంటర్ నుంచి విడవకుండా ఉన్న ముగ్గురిలో ఒకడు ఆగస్టులో డల్లాస్ వెళ్తున్నాడు, ఒకడు గ్రూప్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ మాట్లాడుకున్నాడు, ఇంకొకడికి రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. ఏ దారి పట్టాలి, ఈ స్నేహం నిలబడుతుందా అని అడిగారు.

మొదటి సగం మీరు భయపడుతున్నంత చిక్కేమీ కాదు. రెండో సగమే అసలు పని, దాన్నే అందరూ గాలికి వదిలేస్తారు.

ముందు క్యాలెండర్ తీయండి. మూడు దారులూ ఒకేసారి ఎదురుగా ఉన్నట్టు మీకు అనిపిస్తోంది గానీ లేవు. ఆగస్టులో మొదలయ్యే ఎమ్మెస్‌కి యూనివర్సిటీల అప్లికేషన్లు అంతకుముందు డిసెంబరు నుంచి మార్చిలోపు చాలావరకు ముగిసిపోతాయి. ఆ తర్వాత ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), బ్యాంకు కాగితాలు, వీసా స్లాటు. ఇంకా అప్లై చెయ్యలేదంటే మీది వచ్చే ఏడాది ఆగస్టే. గేట్ కూడా అంతే. ఈ ఫిబ్రవరి పరీక్ష అయిపోయింది, వచ్చేదానికి దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో తీసుకుంటారు. అంటే ఈ జూన్‌లో తేల్చాల్సింది ఒక్కటే: ఉద్యోగంలో చేరి చదువుకోవడమా, ఇంట్లో కూర్చుని చదువుకోవడమా. నా మాట అడిగితే చేరండి. కానీ కాగితాలు చదివి చేరండి.

చేతిలో ఉన్నది ఏ కాగితమో కూడా చాలామంది చూడరు. లెటర్ ఆఫ్ ఇంటెంట్ అంటే మిమ్మల్ని తీసుకునే ఉద్దేశం ఉందని చెప్పడం, అంతే. ఆఫర్ లెటర్లో జీతం, షరతులు ఉంటాయి. తేదీ గట్టిగా తేలేది జాయినింగ్ లెటర్లోనే. 2022లో పాసైనవాళ్లలో ఆఫర్ లెటర్ పెట్టుకుని రెండేళ్లు ఎదురుచూసినవాళ్లున్నారు. జాయినింగ్ లెటర్ వచ్చేదాకా మిగతా ఇంటర్వ్యూలకు వెళ్తూనే ఉండండి, అందులో తప్పేం లేదు.

తర్వాత బాండ్ పేజీ, అంటే ఇన్ని నెలల్లోపు మానేస్తే ఇంత కడతానని మీరు ఒప్పుకునేది. ఎన్ని నెలలు, ఎంత సొమ్ము, ఆ నెలలు ఏ రోజు నుంచి లెక్క అన్నవి చూడండి. చేరిన రోజు నుంచా, ట్రైనింగ్ పూర్తయిన రోజు నుంచా అన్నది ఎవరూ చూడరు, గొడవ వచ్చేది అక్కడే. గేట్‌లో సీటొస్తే జూలైలో మానెయ్యాలి, అప్పటికి మీరు ఎంత బాకీ ఉంటారో ఇప్పుడే లెక్కేసుకోండి. బాండ్లు కోర్టులో చెల్లవని సీనియర్లు ధైర్యం చెబుతారు. నమ్మొద్దు. మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంక్ షరతును సుప్రీంకోర్టు 2025 మే నెలలో సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు కాబట్టి ప్రతి ప్రైవేటు బాండూ అలాగే నిలుస్తుందని కాదు గానీ, ఉత్త బెదిరింపు అని తీసిపారేయడానికి లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామనే కంపెనీకి మాత్రం ఇవ్వకండి. చూపించి వెనక్కి తెచ్చుకోవాలి.

ఇంకో చిన్న విషయం, పెద్ద తలనొప్పి తెచ్చేది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో శాతం లెక్క కట్టేటప్పుడు సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి. 6.5 ఉంటే 60 శాతం. చాలామంది ఫారంలో 65 అని రాసేస్తారు. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో మార్కుల మెమోతో తేడా వచ్చి పరుగులు పెడతారు.

జీతం కూడా సరిగ్గా చూసుకోండి. 3.36 లక్షలంటే నెలకు 28,000. బేసిక్ 14,000 అనుకుంటే కంపెనీ కట్టే పీఎఫ్ 1,680, మీరు కట్టే పీఎఫ్ 1,680, గ్రాట్యుటీ 670 పైచిలుకు, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. ఇవన్నీ పోగా 23,700 దాటి మిగులుతుంది. ప్యాకేజీలో వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చేది) కలిపి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఇంట్లోవాళ్లకు 28,000 అని చెప్పకండి, నెలనెలా సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ఉద్యోగం చేస్తూ గేట్ అయ్యే పనేనా? అవుతుంది. జూలై నుంచి జనవరి చివరిదాకా సుమారు 30 వారాలు. మామూలు రోజుల్లో రెండేసి గంటలు, శని ఆదివారాలు ఆరేసి గంటలు, వారానికి 22. మొత్తం 660 గంటలు. కంప్యూటర్ సైన్స్ పేపర్లో ఆప్టిట్యూడ్ 15 మార్కులు, మ్యాథ్స్ 13. ఈ 28 మార్కులు ముందు పట్టుకోండి. చాలామంది ఆల్గారిథమ్స్‌తో మొదలుపెట్టి వీటిని జనవరికి తోస్తారు, అప్పటికి ఊపిరి ఉండదు. ఒకే జవాబుండే ఎంసీక్యూల్లో తప్పుకి ఆ ప్రశ్న మార్కుల్లో మూడోవంతు పోతుంది. ఒకటికంటే ఎక్కువ జవాబులుండే ప్రశ్నలకూ, అంకె టైప్ చేసే ప్రశ్నలకూ నెగెటివ్ లేదు, వాటిని ఖాళీగా వదలొద్దు. నవంబరు నుంచి వారానికో ఫుల్ టెస్టు రాయాలి. నైట్ షిఫ్ట్ సపోర్ట్ ప్రాజెక్టు పడితే మాత్రం ఈ లెక్కంతా తలకిందులవుతుంది, ప్రాజెక్టు అడిగేటప్పుడే ఆ మాట గుర్తుంచుకోండి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఒకసారి బాగా వస్తే వెంటనే వాడాలనేం లేదు. ఎంటెక్‌లో నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది.

ఎమ్మెస్ విషయంలో నాకున్న కోపం ఒకటే, ఇంట్లో అప్పు లెక్క ఎవరూ పూర్తిగా వెయ్యరు. 40 లక్షలు, 11 శాతం వడ్డీ అనుకుందాం. చదివే రెండేళ్లు, ఆ పైన ఒక ఏడాది కట్టనక్కర్లేదంటే హాయిగా ఉంటుంది గానీ ఏడాదికి 4.4 లక్షల వడ్డీ పేరుకుంటూనే ఉంటుంది. ఆ వడ్డీ నెలనెలా కట్టేస్తే, తర్వాత పదేళ్ల ఈఎంఐ 55,000 చిల్లర. కట్టకుండా వదిలేస్తే మూడేళ్లకు బాకీ 53 లక్షలు దాటి, ఈఎంఐ 73,000 అవుతుంది. (డబ్బంతా ఒకేసారి తీసుకున్నట్టు వేసిన లెక్క ఇది. విడతలుగా తీసుకుంటే కొంత తగ్గుతుంది.) అక్కడ చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి, 12 నెలలు; సైన్స్, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సులకు మరో 24 నెలలు. ఆ తర్వాత కావాల్సిన ఉద్యోగ వీసా హెచ్-1బీకి ఏటా పరిమితి 85,000, అంతకంటే ఎక్కువమంది అడుగుతారు కాబట్టి ఎంపిక ఉంటుంది. వీసా రాకపోతే ఆ ఈఎంఐ ఇక్కడి జీతంలోంచి కట్టగలమా? ఈ ప్రశ్నకు నాన్నగారు, మీరు కలిసి జవాబు రాసుకోండి. పక్కింటివాళ్ల అబ్బాయి వెళ్లాడనేది జవాబు కాదు.

ఇక మీ స్నేహితులు.

కాలేజీ అయ్యాక స్నేహాలు దూరం వల్ల పోతాయంటారు. నేనొప్పుకోను. పోలిక మొదలైన రోజున పోతాయి, అది ఏప్రిల్‌లోనే, కాలేజీ గేటు దాటకముందే మొదలవుతుంది. గేటు దగ్గర ఫొటోలూ ప్యాకేజీలూ వేసి ఫ్లెక్సీ కడతారు చూడండి, అందులో ఫొటో లేనివాడు రోజూ దాని కిందుగా లోపలికి నడవాలి. కాలేజీలు ఆ ఫ్లెక్సీలు మానేస్తే ఎంతోమంది పిల్లలు ఆ రెండు నెలలూ మనశ్శాంతిగా ఉంటారు.

కాలేజీకి బాకీలేమీ లేవని సంతకాలు చేయించుకునే నో డ్యూస్ రోజు చూడండి. చేతిలో ఫారం, అందులో గళ్లు: లైబ్రరీ, ల్యాబులు, హాస్టల్, మెస్, స్పోర్ట్స్, అకౌంట్స్, చివర హెచ్‌ఓడీ. లైబ్రరీ కిటికీ దగ్గర క్లర్కు రిజిస్టర్ తిప్పి, సెకండియర్లో తీసుకున్న డిజిటల్ లాజిక్ పుస్తకం రాలేదంటాడు. అది మీ కార్డు మీద పక్కవాడు తీసుకున్న పుస్తకం. నలుగురూ నవ్వుకుంటారు, డబ్బులు పోగేస్తారు. ఇంతలో జాయినింగ్ ఎక్కడ, చెన్నైయా, పుణెనా అనే మాట లేస్తుంది. సబ్జెక్టులు మిగిలినవాడి ఫారంలో రెండు గళ్లే నిండి ఉంటాయి. "మీరు కానివ్వండ్రా, నేను జిరాక్స్ తీసుకొస్తా" అంటాడు. జిరాక్స్ షాపు పక్కనే, అయినా అరగంట దాకా తిరిగి రాడు. మీరు ఫారం ఇచ్చేసి బస్సెక్కుతారు. ఆ రాత్రి గ్రూపులో ఫొటోలు పడితే అతను హార్ట్ సింబల్ పెడతాడు, మాట రాయడు. ఇన్నేళ్ల స్నేహం బీటలిచ్చేది ఆ అరగంటలో.

ఆ రోజు మీరు చెయ్యాల్సింది ధైర్యం చెప్పడం కాదు. అతనితోపాటు జిరాక్స్ షాపుకి నడవండి. ఆ రెండు సబ్జెక్టులకు అడ్వాన్స్‌డ్ సప్లీ (మిగిలిన సబ్జెక్టులు మళ్లీ రాసే పరీక్ష) నోటిఫికేషన్ ఎప్పుడు, ఫీజుకి చివరి తేదీ ఎప్పుడో ఇద్దరూ కలిసి ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. ఫైన్ లేని తేదీ దాటాక కట్టలేక ఆ విడత వదిలేసేవాళ్లు ఎందరో. గత ఐదు పేపర్లు ముందేసుకుని మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలు యూనిట్ల వారీగా మీరే గీసివ్వండి, క్లాసులు విన్నారు కాబట్టి మీకు గంట పని. చేరే నాటికి బ్యాక్‌లాగ్ ఉండకూడదని చాలా కంపెనీల షరతు, కాబట్టి అతనికి ఆ ఒక్క విడతే ఆరు నెలల తేడా.

అశోక్‌నగర్ వెళ్లేవాడిని "రిజల్ట్ ఎప్పుడు?" అని అడగొద్దు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ మొదటికొచ్చి, మెయిన్స్ ఆ అక్టోబరులో జరిగాయి. రెండున్నరేళ్లు, అందులో చదివేవాడి తప్పు ఒక్కటీ లేదు. మీకు జీతం వస్తుంది, అతనికి రాదు. కాబట్టి కలిసినప్పుడు గచ్చిబౌలి కెఫేకి రమ్మనకండి, మీరే అతని రూమ్ దగ్గరున్న చిక్కడపల్లి వెళ్లండి. బిల్లు ఎవరిదన్న మాటే రాని చోట టీ తాగండి.

డబ్బు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. స్నేహితుడి లోనుకి గ్యారంటీ సంతకం అడిగితే, చట్టప్రకారం గ్యారంటర్ బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమని ముందు తెలుసుకోండి. అతను ఆపితే బ్యాంకు మిమ్మల్ని అడుగుతుంది, మీ సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. సంతకం పెట్టలేనని ఈ రోజు చెబితే వారం రోజులు బాధ ఉంటుంది, అంతే. చేబదులు ఇస్తే, తిరిగి రాకపోయినా మీ అద్దె ఆగనంత ఇవ్వండి. పాత కాలేజీవాళ్లతో ఫ్లాట్ తీసుకుంటే అగ్రిమెంట్ ఎవరి పేరున, అడ్వాన్సులో ఎవరి వాటా ఎంత, మధ్యలో వెళ్లేవాడికి ఎవరు తిరిగివ్వాలి అన్నది చేరిన రోజే వాట్సాప్ గ్రూపులో రాసి పిన్ చెయ్యండి. మూడు నెలల అడ్వాన్సు కోసం మాటలు మానుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకరి ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి ఇంకొకరు కూర్చునే పని అసలు వద్దు, స్నేహం పేరుతో అడిగినా సరే. దొరికితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి.

డల్లాస్ వెళ్లేవాడు విమానమెక్కకముందే వాళ్ల నాన్నగారి నంబరు, అమ్మగారి నంబరు తీసుకోండి, మీవి వాళ్లకివ్వండి. ఒరిజినల్ డిగ్రీ ఇంకా చేతికి రాకపోతే ఆథరైజేషన్ లెటర్ మీద సంతకం, ఐడీ కాపీ ముందే తీసి పెట్టుకోండి, రేపు యూనివర్సిటీ కౌంటర్లో అతని తరఫున నిలబడేది మీరే. ఇక ఫోన్. "ఖాళీ ఉన్నప్పుడు మాట్లాడుకుందాం" అంటే ఎవరూ మాట్లాడరు, నెలకో రోజు కట్టేసుకోండి. నెలలో మొదటి ఆదివారం మనకు పొద్దున 8 గంటలైతే డల్లాస్‌లో శనివారం రాత్రి 9:30. అతనికి మర్నాడు సెలవు, మీకు ఇంకా టిఫిన్ కాలేదు, అశోక్‌నగర్ రూమ్‌లో అప్పటికి రీడింగ్ హాల్‌కి బయల్దేరి ఉండరు. నవంబరులో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, అప్పటినుంచి మార్చిదాకా అక్కడ 8:30 అవుతుంది. రిమైండర్ మన టైమ్‌లోనే పెట్టుకుంటే చాలు.