అప్రోచ్ నొక్కినా విమానం ఎందుకు దిగదు?

ప్రశ్న: కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ నడుపుతుంటాను. ఆటోపైలట్‌లో అప్రోచ్ బటన్ నొక్కితే విమానం రన్‌వే వైపు చక్కగా తిరుగుతోంది కానీ కిందికి మాత్రం దిగడం లేదు, అదే ఎత్తులో రన్‌వేని దాటి వెళ్లిపోతోంది. రన్‌వేకి దారి చూపే రేడియో ఏర్పాటు ఐఎల్ఎస్ ఫ్రీక్వెన్సీ సరిగ్గానే పెట్టాను. తప్పెక్కడ జరుగుతోంది?

జవాబు: మీరు బాగా ఎత్తులో ఉండి నొక్కుతున్నారని నా అనుమానం. ఐఎల్ఎస్ అంటే ఒక సిగ్నల్ కాదు, రెండు. రన్‌వే అవతలి కొసన ఉండే లోకలైజర్ కుడిఎడమల సంగతి చెబుతుంది, విమానం నేలను తాకే చోటికి పక్కగా ఉండే గ్లైడ్ స్లోప్ ఎత్తు సంగతి చెబుతుంది. రెండింటిలోనూ కిటుకు ఒకటే: 90 హెర్ట్జ్, 150 హెర్ట్జ్ అని రెండు స్వరాలు కలిపి పంపుతారు, రన్‌వే వైపు వస్తున్న విమానం మధ్యగీతకి ఎడమకి జరిగితే 90 గట్టిగా వినిపిస్తుంది, కుడికి జరిగితే 150, అలాగే గ్లైడ్ స్లోప్‌లో పైన ఉంటే 90, కింద ఉంటే 150. రెండూ సమానంగా ఉన్నాయంటే సరైన దారిలో ఉన్నట్టు. ఆటోపైలట్‌కి రన్‌వే కనిపించదు, ఈ తేడా ఒక్కటే తెలుసు. ఎంత సాదా ఆలోచనో చూడండి, కళ్లు లేని యంత్రాన్ని మబ్బుల్లోంచి రన్‌వే దాకా తీసుకొచ్చేది ఇదే.

ఇప్పుడు మీ విమానం దగ్గరికి వద్దాం. గ్లైడ్ స్లోప్ సాధారణంగా 3 డిగ్రీల వాలులో ఉంటుంది, అంటే ఒక నాటికల్ మైలుకి సుమారు 300 అడుగులు. రన్‌వేకి 10 మైళ్ల దూరంలో ఉంటే ఆ వాలు మీ దగ్గర నేలకి 3,000 అడుగుల పైన ఉంటుంది, 5 మైళ్లకి వచ్చేసరికి 1,500. మీరు 3,000 అడుగుల్లో ఎత్తు మార్చకుండా వస్తే, ముందు వాలు మీకు పైన ఉంటుంది, పక్కనున్న స్కేల్ మీద చిన్న డైమండ్ గుర్తు పైనుంచి మెల్లగా దిగుతూ వస్తుంది, సరిగ్గా మధ్యకి రాగానే ఆటోపైలట్ దాన్ని పట్టుకుని ముక్కు దించుతుంది. అదే 5 మైళ్ల దగ్గర 4,000 అడుగుల్లో ఉన్నారనుకోండి, వాలు అప్పటికే మీ కింద ఉంది, ముందుకెళ్లే కొద్దీ ఇంకా కిందికి పోతుంది. ఇక కలిసేదెక్కడ? లోకలైజర్ దొరికింది కాబట్టి తిరిగింది, గ్లైడ్ స్లోప్ దొరకలేదు కాబట్టి పాత ఎత్తునే పట్టుకుని కూర్చుంది. అందుకే ఎప్పుడూ కింది నుంచి వచ్చి కలవాలి. పైనుంచి వెతుక్కుంటూ దిగడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది, అసలు వాలుకి పైన 9 డిగ్రీల దగ్గర దొంగ వాలు ఒకటి ఉంటుంది, నిజం విమానంలో ఆటోపైలట్ దాన్ని పట్టుకుందంటే పరిస్థితి చాలా సీరియస్.

ఎత్తు సరిగ్గానే ఉండి కూడా దిగకపోతే తెర మీద దారి చూపే సూది రంగు చూడండి. చాలా చిన్న విమానాల తెరల మీద జీపీఎస్ నుంచి వస్తే మెజెంటా, ఐఎల్ఎస్ నుంచి వస్తే ఆకుపచ్చ. ఫ్రీక్వెన్సీ పెట్టి, సూదిని మాత్రం జీపీఎస్ మీదే వదిలేయడం చాలామంది చేసే పొరపాటు.

ప్రశ్న: నావ్ మోడ్‌లో పెట్టినా లోకలైజర్ వెంటే వెళ్తోంది కదా, మరి అప్రోచ్ వేరే ఎందుకు? అప్రోచ్ నొక్కితే ల్యాండింగ్ కూడా అదే చేసేస్తుందా?

జవాబు: నావ్ కుడిఎడమలే చూస్తుంది, ఎత్తు జోలికి పోదు. అప్రోచ్‌లో గ్లైడ్ స్లోప్ కూడా కలుస్తుంది, పైగా గీతని ఇంకా బిగువుగా పట్టుకుంటుంది. ల్యాండింగ్ మాత్రం అన్ని విమానాలూ చేయలేవు. మామూలు క్యాట్ వన్ అప్రోచ్‌లో 200 అడుగుల ఎత్తు దగ్గర పైలట్‌కి రన్‌వే గానీ దాని లైట్లు గానీ కనిపించాలి, లేకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. తనంతట తాను దిగే ఏర్పాటున్న పెద్ద విమానాల్లో చివర్లో రేడియో ఆల్టిమీటర్ నేల ఎంత దూరంలో ఉందో చెబుతుంటే ఆటోపైలట్ ముక్కు ఎత్తి చక్రాలు ఆనిస్తుంది. అది ఎక్కువగా పొగమంచు రోజుల కోసం. మిగతా రోజుల్లో చాలావరకు పైలట్లే చేత్తో దించుతారు.

ప్రశ్న: నావ్ నొక్కినా ఒక్కోసారి విమానం తను వెళ్లాల్సిన దారి గీత వైపు తిరగకుండా నేరుగా పోతూనే ఉంటుంది. బటన్ పనిచేయనట్టా?

జవాబు: పనిచేస్తోంది, కాచుకుని ఉంది. ఈ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. బటన్ నొక్కగానే మోడ్ ఆర్మ్ అవుతుంది, అంతే. గీత దగ్గరికి వచ్చాకే క్యాప్చర్ చేస్తుంది. ఈలోగా విమానాన్ని నడిపేది హెడింగ్ మోడ్, దానికి గీతతో పని లేదు, మీరు పెట్టిన దిక్కు పట్టుకుని పోతూనే ఉంటుంది.

1983 సెప్టెంబరు 1న సోవియట్ యుద్ధ విమానం కూల్చేసిన కొరియన్ ఎయిర్ లైన్స్ 007 కథ ఇదే. ఆంకరేజ్ నుంచి సియోల్‌కి బయల్దేరిన బోయింగ్ 747 అది. దారి చూపే ఐఎన్ఎస్ విమానంలో ఉంది, కానీ గీతకి 7.5 నాటికల్ మైళ్ల లోపల ఉంటేనే ఆటోపైలట్ దాన్ని పట్టుకుంటుంది. సిబ్బంది హెడింగ్ మోడ్ నుంచి ఐఎన్ఎస్‌కి మార్చనైనా మార్చలేదు, లేదా మార్చేసరికే విమానం ఆ దూరం దాటిపోయి అది పట్టుకోలేదు, రెండింటిలో ఏదో ఒకటి జరిగిందని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1993లో తేల్చింది. ఎలాగైనా విమానం గంటల తరబడి ఒకే దిక్కున పోయి, దారికి 500 కిలోమీటర్లకు పైగా పక్కకి వెళ్లిపోయింది. 269 మంది చనిపోయారు. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా మనసు పాడవుతుంది.

మీ తెర పైభాగంలో మోడ్ పేర్లు వరసగా కనిపిస్తాయి చూడండి. బోయింగ్‌లో ఆర్మ్ అయినది తెలుపు, ఎయిర్‌బస్‌లో నీలం, పట్టుకున్నాక రెండింటిలోనూ ఆకుపచ్చ. మీ హెడింగ్ గీతకి సమాంతరంగా ఉంటే ఎంతసేపు చూసినా ఆ రంగు మారదు, 30 డిగ్రీల కోణంలో గీత వైపు తిప్పి పెట్టండి. ఆకుపచ్చ అయ్యేదాకా హెడింగ్ మీదున్న చెయ్యి తీయకండి.