షెడ్యూలు అంటే టైమ్ టేబులేనా?

ప్రశ్న: మొన్న బీరువా సర్దుతూ మా నాన్నగారి ఇంటి దస్తావేజు తీసి చూశాను. చివరి పేజీలో ‘షెడ్యూలు’ అని రాసి, కింద సర్వే నంబరు, హద్దులు వేశారు. మా అబ్బాయి ఫోన్‌లోనేమో ఇంటర్ పరీక్షల షెడ్యూలు. టీవీ పెడితే షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ మీద చర్చ. షెడ్యూలంటే ఏ రోజు ఏం చేయాలో ముందే వేసుకునే ప్లాను కదండీ? ఇంటి హద్దులకీ, కులాలకీ దాంతో ఏం పని? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ నాన్నగారి దస్తావేజులో ఉన్నదే పాత అర్థం అమ్మా. పరీక్షల తేదీలకు ఆ మాట వాడటం తర్వాత వచ్చిన ముచ్చట.

దీని మూలం గ్రీకులో ‘చీల్చడం’ అనే అర్థమున్న క్రియ. స్కిజోఫ్రీనియాలో ఉన్న ‘స్కిజో’ కూడా అదే. ఈజిప్టులో పపైరస్ కాడలోని బెండును పలచగా చీల్చి, ఆ పట్టీలను అడ్డంగా, నిలువుగా పేర్చి నొక్కి రాసుకునే ఆకులు తయారుచేసేవారు. అలాంటి ఆకును లాటిన్‌లో ‘స్కెడా’ అన్నారు. చిన్నదైతే ‘స్కెడ్యులా’. అంటే మన చీటీ! అది ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడూ చీటీయే. షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లో కుట్ర సంగతి రాసిన కాగితాన్ని సీజర్‌కి అందిస్తూ ఒకాయన ‘ఈ షెడ్యూలు చదవండి’ అని బతిమాలతాడు. అందులో తేదీలూ లేవు, టైములూ లేవు. సీజర్ చదవనూ లేదు, ప్రాణమూ దక్కలేదు.

ఈ చీటీని లాయర్లు పట్టుకున్నారు. అసలు పత్రంలో ఇమడని జాబితాలు, లెక్కలు విడిగా ఒక చీటీ మీద రాసి దానికి జతచేసేవారు. క్రమంగా చీటీ పోయి, పత్రం చివర వచ్చే జాబితాకే ఆ పేరు స్థిరపడింది. నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకి ఒక దస్తావేజు లేఖరి దగ్గర ఫెయిర్ కాపీలు రాసేవాణ్ణి. ‘దిగువ షెడ్యూలులో వివరించిన ఆస్తిని ఈ రోజున మీకు విక్రయించి స్వాధీనపరచినాను’ వరకూ ఆయన కళ్లు మూసుకుని గడగడా చెప్పేవారు. షెడ్యూలు దగ్గరికొచ్చేసరికి కళ్లజోడు పెట్టుకునేవారు. రిజిస్ట్రేషన్ జిల్లా, సబ్ రిజిస్ట్రారు వారి ఇలాకా, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, ఆ తర్వాత చెక్కుబంది. తూర్పున ఎవరి దొడ్డి, దక్షిణాన ఎవరి గోడ, అది ఉమ్మడి గోడా, సొంతమా అని పార్టీని పట్టుకుని రెండేసిసార్లు అడిగేవారు. ‘పైన ఎంత రాసినా కోర్టుకెక్కితే చూసేది కింద షెడ్యూలేరా’ అనేవారు.

చట్టాలు రాసేదీ ఈ పద్ధతిలోనే. పైన సెక్షన్లు, చివర షెడ్యూళ్లు. 1874లో బ్రిటిష్ వాళ్లు మామూలు చట్టాలు నేరుగా వర్తించని ప్రాంతాలను ఒక చట్టం చివర జాబితా వేసి ‘షెడ్యూల్డ్ జిల్లాలు’ అన్నారు. మన గోదావరి, విశాఖ ఏజెన్సీ ప్రాంతాలు అందులో ఉన్నాయి. 1935 భారత ప్రభుత్వ చట్టంలో ‘షెడ్యూల్డ్ కులాలు’ అనే పేరు వచ్చింది. ఆ కులాలేవో 1936లో ఉత్తర్వు వేసి చెప్పారు. రాజ్యాంగం వచ్చాక 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుకు జతచేసిన షెడ్యూలులో రాష్ట్రాలవారీగా పేర్లు ఇచ్చారు. కాబట్టి ‘షెడ్యూల్డ్’ అంటే జతపరచిన జాబితాలో పేరున్నది అని, అంతే. ఆ మాటలో ఎక్కువా లేదు, తక్కువా లేదు. దాన్ని తిట్టులా వాడేవాళ్లకు ఇది చెప్పండి. ఎనిమిదో షెడ్యూలులో ఉంది గనక తెలుగూ షెడ్యూల్డ్ భాషే. మొదట అందులో 14 భాషలుండేవి, ఇప్పుడు 22. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం రెండో షెడ్యూలులో ఉన్నవి షెడ్యూల్డ్ బ్యాంకులు.

ఒక్క జాగ్రత్త. ఏ చట్టం షెడ్యూళ్ల లెక్క దానిదే. పేపర్లో ‘పదో షెడ్యూలు’ అని కనిపిస్తే అది రాజ్యాంగానిదైతే పార్టీ ఫిరాయింపుల సంగతి, 1985లో చేర్చింది. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టానిదైతే రెండు రాష్ట్రాల మధ్య నలిగిన శిక్షణ సంస్థల జాబితా. హెడ్డింగ్ మాత్రం రెండింటికీ ఒకేలా పెడతారు మహానుభావులు.

ఇక మీ అబ్బాయి షెడ్యూలు. 19వ శతాబ్దంలో అమెరికాలో రైళ్లు ఏ స్టేషనుకు ఎన్ని గంటలకు వస్తాయో వేసిన జాబితాను కూడా షెడ్యూలన్నారు. జాబితాలోకి గడియారం దూరింది. అక్కణ్ణుంచి ఆఫీసులకీ, పరీక్షలకీ పాకింది. మన సినిమావాళ్లు ఇంకో అడుగు వేశారు. ‘రాజమండ్రి షెడ్యూలు పూర్తయింది’ అంటే అక్కడ కాగితమూ లేదు, జాబితా కాదు, షూటింగే షెడ్యూలు.

ప్రశ్న: ‘షెడ్యూలా’, ‘స్కెడ్యూలా’? ఆఫీసులో నన్ను దిద్దుతున్నారు. – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: బ్రిటన్‌లో మొదటిది, మీరున్నచోట రెండోది. గ్రీకు మూలాన్ని చూసి ‘స్కె’ అనమన్నది అమెరికా నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్. నిజానికి ఇంగ్లిష్‌వాళ్లు చాలాకాలం ‘సెడ్యూల్’ అన్నారు. స్పెల్లింగ్ లాటిన్‌లా దిద్దుకున్నా నోరు వెంటనే మారలేదు. ఆఫీసులో వాళ్లలాగే అనండి, ఇండియాకి ఫోన్ చేసినప్పుడు మనలాగే అనండి. ఎవరికీ టెన్షన్ ఉండదు.

ప్రశ్న: మాత్రల అట్ట వెనక ‘షెడ్యూల్ హెచ్’ అని ఉంటుంది. వేళకి వేసుకోమనా? – ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: కాదమ్మా. 1945 నాటి మందుల నిబంధనల చివర ‘హెచ్’ అనే అక్షరంతో ఒక జాబితా ఉంది. అందులోని మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ‘హెచ్1’ అని ఉంటే ఇంకా గట్టి కట్టడి: షాపువాడు ఆ అమ్మకాన్ని విడిగా రిజిస్టరులో రాసి, మూడేళ్లు ఉంచాలి. అడగ్గానే కత్తిరించి ఇచ్చే షాపులు మా వీధిలోనూ ఉన్నాయి, అది వేరే సంగతి.